కుడిచేతి పగ

"దీని సెయ్యి పోనాది. అందుకే కౌంటర్లో కూకోబెట్టినాను."

నా గురించి, నా ఎదురుగానే, సోంపేట నుంచి వచ్చిన పెళ్ళివారితో మా స్టూడియో యజమాని అన్న మాట ఇది. అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. అంటున్నప్పుడు అతని నోట్లో జీడిపప్పు పకోడీ ఉంది. అన్నాక చేతులు తుడుచుకోవడానికి కాగితం కోసం నా వైపే చెయ్యి చాపాడు. నేను కాగితం ఇచ్చాను కూడా. ఎందుకిచ్చానా అని ఈరోజుకీ నన్ను నేను తిట్టుకుంటూ ఉంటాను.

మరిచిపోతే మంచిదని చాలామంది చెప్పారు. మరిచిపోవడం నాకు చేతకాదు. చిన్నప్పుడు బడిలో నా పలక పగలగొట్టిన అమ్మాయి ఇప్పుడు ఎదురైనా నేను పక్కకి తిరిగిపోతాను. పలకకే అలాంటి దాన్ని, చెయ్యి సంగతి ఊరికే వదులుతానా.

పలాసలో ఆ స్టూడియోలో పదకొండేళ్ళు ఆల్బమ్ డిజైనర్‌గా పనిచేశాను. పేరు ఘనంగానే ఉంటుంది గానీ పని చాకిరీ. ఫోటోగ్రాఫర్లు ఒక్కో పెళ్ళికి వేలకొద్దీ ఫోటోలు తీసి, మా కంప్యూటర్లో పోసి చక్కా పోతారు. అందులో మంచివి ఏరాలి. మనుషుల్ని అంచుల వెంబడి కత్తిరించి, వెనకున్నది తీసేసి, కస్టమర్ అడిగినది పెట్టాలి. కత్తిరించడాన్ని మేము కటింగ్ అంటాం. పెళ్ళికూతురి జడ, జడలో పూలు, చెవి దగ్గర ఎగిరే వెంట్రుకలు, అన్నిటి చుట్టూ క్లిక్కులు కొట్టుకుంటూ రావాలి. మా ఉద్దానం కొబ్బరితోటలో నిలబెట్టి తీసిన జంటను ఆ తోటలోంచి పెరికి మంచుకొండల మీద నిలబెట్టడం నా ఉద్యోగం. ఇంత పచ్చటి తోట వదిలేసి ఆ కొండలెందుకో నాకు అర్థమయ్యేది కాదు.

కటింగ్ అయ్యాక తెలుపు. ఎండలో పుట్టి ఎండలో పెరిగిన మొహాలన్నిటినీ పాలలో ముంచి తీసినట్టు చెయ్యాలి. మచ్చలు తీసెయ్యాలి, కళ్ళ కింద నలుపు తీసెయ్యాలి, పెళ్ళికొడుకు బుగ్గ మీద గాటు కూడా తీసెయ్యాలి. ఈ పనిలో నాకు పేరుంది. కవిటి నుంచి టెక్కలి దాకా ఏ ఫోటోగ్రాఫర్ని అడిగినా, తెలుపు ఆమె చేస్తేనే తెలుపు అనేవారు. అదంతా నా కుడిచేతి మణికట్టు చేసిన పని. రోజుకి పదిగంటలు, ముహూర్తాల రోజుల్లో పన్నెండు.

పదో ఏడు దాటాక ఆ మణికట్టు మొరాయించింది. ముందు బొటనవేలి మొదట్లో చురుక్కుమనేది. తర్వాత మూడు వేళ్ళు తిమ్మిరెక్కేవి. తెల్లవారి లేచేసరికి చెయ్యి నాది కానట్టు పక్కన పడి ఉండేది. చింతపండు పిసకలేను, తడిబట్ట పిండలేను, కొబ్బరి కోరలేను. కొబ్బరి కోరలేని మనిషి ఉద్దానంలో ఏం వండుకు తింటుంది? ఇంట్లో ఉండేది నేనూ అమ్మా ఇద్దరమే. అమ్మ ముప్ఫై ఏళ్ళు జీడి కంపెనీలో పిక్కలు కొట్టి మానేసిన మనిషి. జీడి రసం అంటిన ఆమె చేతుల నలుపు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. నా బాధ చూసి మొదట్లో నవ్వింది.

"గుప్పెడంత డబ్బా అటూ ఇటూ తిప్పితే సెయ్యి నొప్పేటే? మేం రోజంతా పిక్కలు కొట్టేవోళ్ళం."

"నువ్వు రెండు చేతులూ వాడేదానివమ్మా. నాకు ఒక్కటే పని."

"మరి నువ్వూ మార్సు. మజ్జాన్నం దాకా ఓ సెయ్యి, మజ్జాన్నం నుంచి ఓ సెయ్యి. కంపెనీలో మేమందరం అలగే సేసీవోళ్ళం. నీకు ఎడం సెయ్యి లేదేటి?"

ఉంది గానీ ఆ మౌసు కుడిచేతి వాటంగా చేసినది, ఎడం చేతిలో ఇమడదు. ఆ సంగతి అమ్మకి చెప్పినా అర్థం కాదని ఊరుకున్నాను. యజమానికి మాత్రం చెప్పాను. చెయ్యి లాగుతోంది సార్, రెండు రోజులు సెలవు ఇవ్వండి, డాక్టరుకి చూపించుకుంటాను అన్నాను. అతను కంప్యూటర్ తెర వైపు చూస్తూనే, "ముహూర్తాలు ఉన్నప్పుడే మీ అందరికీ నొప్పులొత్తాయి" అన్నాడు. సాకులు అన్నాడు. కుర్చీలో కూర్చునే పనికి నొప్పేమిటని నలుగురి ముందూ నవ్వాడు.

ఆ నెలలో ఒక పెళ్ళికూతురి ముక్కుపుడక పక్కన గీత తప్పాను. చెయ్యి అదిరి ముక్కు కొంచెం కోసుకుపోయింది. ఆల్బమ్ అచ్చయి వచ్చాక గానీ ఎవరూ చూడలేదు. మళ్ళీ అచ్చు వేయించాల్సి వచ్చింది. మర్నాడే నన్ను కౌంటర్‌కి మార్చాడు, పాస్‌పోర్టు ఫోటోలు కవర్లో పెట్టి ఇచ్చే పని. నా కుర్చీలో టెక్కలి నుంచి వచ్చే ఇంకో ఆవిడ కూర్చుంది. ఆమె మీద నాకు కోపం లేదు, ఆమె పొట్ట ఆమెది. సోంపేట పెళ్ళివారు వచ్చి, మా ఆల్బమ్ ఆమే చెయ్యాలి అని నన్ను చూపించి అడిగినప్పుడు, అతను పకోడీ నములుతూ ఆ మాట అన్నాడు.

ఆ సాయంత్రమే నేను టెక్కలి వెళ్ళాను. అక్కడ ఫిజియోథెరపీ చేసే ఒక డాక్టరమ్మ ఉందని ఎవరో చెప్పారు. ఆమె నా చెయ్యి బల్ల మీద పెట్టించి, ఉత్తినే మౌసు తిప్పుతున్నట్టు తిప్పమంది. తిప్పాను.

"చూడండి, మీ మణికట్టు ప్రతిసారీ పక్కకి వంగుతోంది. రోజుకి ఎన్ని వేలసార్లు వంగుతోందో మీరే ఆలోచించుకోండి."

"పని మానెయ్యమంటారా?"

"మానమని చెప్తే మీరు మానరు గదా. చెయ్యి కదలకుండా, వేళ్ళు మాత్రమే కదిలే మౌసు ఒకటుంది. దాంతో ప్రయత్నించండి. అందరికీ పడుతుందని చెప్పను."

ఫోన్లో బొమ్మ చూపించింది. చదునైన దిమ్మ మీద నడుమ గుంటలో నిమ్మకాయంత బంతి. దిమ్మ కదలదు. బంతిని వేళ్ళతో దొర్లిస్తే తెర మీద బాణం కదులుతుంది. ఆ బొమ్మ చూస్తుంటే నాకు నొప్పి గుర్తుకు రాలేదు, అతని మొహం గుర్తుకు వచ్చింది. ఈ బంతితో నా కుర్చీ నేను తిరిగి తెచ్చుకోవాలి అనుకున్నాను.

మర్నాడు అతన్ని అడిగాను. అవకాశం ఇవ్వండి సార్ అన్నాను. అప్పుడు మూఢం మొదలవుతోంది. మూఢంలో పెళ్ళిళ్ళు ఉండవు, మా పనివాళ్ళకి ఏడాదిలో ఊపిరి పీల్చుకునే రోజులు అవే. అతను క్యాలెండరు వైపు చూసి, "మూఢం ఎల్లీలోపల నీ సెయ్యి పూర్వంలాగ పన్జేత్తే కుర్సీ నీది. నేకపోతే కౌంటరే" అన్నాడు. అక్కడున్న ఇద్దరు ఫోటోగ్రాఫర్లు ఆ మాట విన్నారు. నేను వాళ్ళిద్దరి మొహాలూ గుర్తుపెట్టుకున్నాను, రేపు సాక్ష్యానికి పనికొస్తారని.

నా డబ్బులతో తెప్పించుకున్న ఆ బంతి మౌసు పార్శిల్ స్టూడియో అడ్రసుకే వచ్చింది. నేను చూసేలోపలే అతను విప్పేశాడు. కంప్యూటరుకి తగిలించి, పిడికిలితో పట్టుకుని, బల్లంతా తోసుకుంటూ తిప్పాడు. బాణం కదల్లేదు. పైకెత్తి బల్ల మీద రెండుసార్లు కొట్టాడు. అప్పుడూ కదల్లేదు.

"ఇది సచ్చిపోనాది. ఎనక్కి పంపీ."

నేను దిమ్మను యథాస్థానంలో పెట్టి బంతి మీద వేలు ఆనించాను. బాణం తెర ఈ చివరి నుంచి ఆ చివరికి పరిగెత్తింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు, నన్ను చూసి కాదు. అతను ఆ నవ్వు మింగలేకపోయాడు.

"ఓహో, గోళీలాటా? ఆడుకో, ఆడుకో" అన్నాడు.

ఆ రోజు నుంచి స్టూడియోలో దాని పేరు గోళీ అయింది. కస్టమర్లు వస్తే పిలిచి మరీ చూపించేవాడు. సాయంత్రం పూట నేను బంతి ఊడదీసి మెత్తని గుడ్డతో తుడిచేదాన్ని. పలాస గాలి సంగతి తెలిసిందేగా, జీడి బట్టీల పొగ కిటికీలు మూసినా వస్తుంది. వేళ్ళ జిడ్డూ ఆ మసీ కలిసి గుంటలో నల్లటి వలయం కడుతుంది. అది తియ్యకపోతే బంతి పట్టేసి బాణం గెంతుతుంది. అతను అది చూసి, "గోళీకి తానం సేయిత్తన్నావా? పౌడరు కూడా రాయి" అనేవాడు. నేను నవ్వేదాన్ని. పళ్ళు బిగించి నవ్వడం నాకు ఆ మూఢంలోనే బాగా అలవాటైంది.

కౌంటర్లో కంప్యూటర్ మీద సాధన మొదలుపెట్టాను. మొదటి వారం నరకం. బాణం ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగేది కాదు, చేతిలో చేపపిల్లలా జారిపోయేది. ఒక్క చెవి చుట్టూ కటింగ్ చెయ్యడానికి అరగంట పట్టింది. ఇంటికెళ్ళి ఏడ్చాను కూడా. రెండో వారానికి వేళ్ళకి తెలివొచ్చింది. చెయ్యి దిమ్మ మీద వాలి ఊరికే ఉంటుంది, మధ్యవేలూ చూపుడువేలూ బంతిని నిమురుతాయి, అంతే. అమ్మ చెప్పినట్టు మధ్యాహ్నం నుంచి దిమ్మను ఎడం పక్కకి జరిపి ఎడం చేత్తో తిప్పడం మొదలుపెట్టాను. దిమ్మ రెండు చేతులకీ ఒకేలా ఉంటుంది. ఎడం చెయ్యి మొదట మొద్దులా ఉండి, నెమ్మదిగా దారికొచ్చింది.

ప్రాక్టీసుకి కస్టమర్ల ఫోటోలు వాడితే మళ్ళీ ముక్కులు కోస్తావు అంటాడని, స్టూడియో ప్రకటన కోసం అతను దిగిన ఫోటోనే తీసుకున్నాను. రోజూ అతని మొహమే కత్తిరించేదాన్ని. మీసం చుట్టూ ఒక రోజు, చెవి మీద వెంట్రుకల చుట్టూ ఒక రోజు. మెడ దగ్గర కత్తిరించేటప్పుడు నాకు చాలా హాయిగా ఉండేది. ఆ మూఢంలో నేను అతని తలని ఎన్నిసార్లు వేరుచేశానో లెక్కలేదు.

నొప్పి పూర్తిగా పోలేదు. పోయిందని రాస్తే అబద్ధం అవుతుంది. కానీ తెల్లవారుజామున చెయ్యి నాదిగానే ఉండేది. ఒక ఆదివారం కొబ్బరికాయ కోరి పచ్చడి చేశాను. అమ్మ రెండుసార్లు వేసుకుని తింది.

మూఢం వెళ్ళింది. మొదటి ముహూర్తం పెళ్ళి ఆల్బమ్ నాకిమ్మన్నాను. ఇచ్చాడు. ఎప్పుడూ ఐదు రోజులు పట్టేది, మూడు రోజుల్లో ముగించి అతని ముందు పెట్టాను. ఒక్కొక్క షీటూ పెద్దది చేసి చూశాడు. ముక్కులు చూశాడు, ముక్కుపుడకలు చూశాడు, జడలో పూలు వేరువేరుగా చూశాడు. తప్పు పట్టడానికి అతను ఒక గంట వెతికాడు, అయినా దొరకలేదు. ఆ గంట నా జీవితంలో మంచి గంటల్లో ఒకటి.

"బాగుంది" అన్నాడు.

నేను నా కుర్చీ వైపు నడవబోయాను.

"అటేటి? కుర్సీ ఆమెకి ఇచ్చీసినాను గదా. కస్టమర్లు ఆ గోళీని సూసి నవ్వుతన్నారు, షాపుకి పరువు తక్కువ. నువ్వు కౌంటర్లోనే బాగున్నావు."

సాక్ష్యం అనుకున్న ఇద్దరు ఫోటోగ్రాఫర్లూ అక్కడే ఉన్నారు. ఒకడు ఫోన్ చూసుకున్నాడు, ఇంకొకడు చెప్పులు చూసుకున్నాడు. నేను మౌసు తీగ ఊడదీసి, బంతి దొర్లిపోకుండా పిడికిట్లో పట్టుకుని, ఎవరికీ చెప్పకుండా బయటికి వచ్చేశాను. ఆటో స్టాండు దాకా ఆ బంతి పిడికిట్లోనే ఉంది. ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, ఆటో ఎక్కాక చూసుకుంటే అరచేతిలో గుండ్రంగా ఎర్రటి గుర్తు పడి ఉంది.

ఊళ్ళో మా ఇంటి ముందుగదిలో పాత కంప్యూటర్ ఒకటి పెట్టుకుని సొంతంగా మొదలుపెట్టాను. ఇప్పుడు ఫోటోలన్నీ నెట్‌లో వస్తాయి, నెట్‌లో పోతాయి, షాపు పలాసలోనే ఉండాలని లేదు. మొదట మందస ఫోటోగ్రాఫర్ ఒకతను వచ్చాడు, తర్వాత కవిటి నుంచి ఇద్దరు, తర్వాత భావనపాడు నుంచి ఒకడు. అందరూ ఒకప్పుడు అతనికి పని ఇచ్చినవాళ్ళే. ఒక్కొక్కరినే లాక్కున్నాను. అతన్ని వదిలి వచ్చిన వాళ్ళ ఆల్బమ్‌లు ముందు చేసి ఇచ్చేదాన్ని, మిగతావి తర్వాత. "అయ్యో, సార్‌కి కోపం రాదేటండీ?" అని అమాయకంగా అడిగేదాన్ని. టెక్కలి ఆవిడ మానేసిందని, ఇంకొకర్ని పెట్టాడని, వాళ్ళూ మానేశారని వార్తలు వచ్చేవి. నేను అడగలేదు. అడిగినట్టు తెలియకుండా అడిగేదాన్ని.

అయినా కడుపు చల్లబడలేదు. అతనికి కొన్ని ఆల్బమ్‌లు తగ్గాయి, అంతే. చెయ్యి పోయిందని నలుగురిలో అనిపించుకోవడం ఎలా ఉంటుందో అతనికి తెలియలేదు గదా. అది తెలియాలి. ఎలాగో నాకు తోచేది కాదు.

అలా రెండేళ్ళు గడిచాక, ఒకరోజు పొద్దున పది గంటల వేళ మా ఇంటి ముందు ఆటో ఆగి అతని భార్య దిగింది. ఆమె మంచి మనిషి. స్టూడియోలో ఉన్న రోజుల్లో శుక్రవారం ఏదో ఒక కూర గిన్నెలో పెట్టి నాకు పంపేది. అమ్మ బొండం కొట్టి ఇచ్చింది. ఆమె తాగి, పక్కకి చూసి, గొంతు తగ్గించింది.

"మీ సారు ఫోటోగ్రాఫర్ల సంఘానికి ప్రెసిడెంటు అయినారు సెల్లీ. మా తమ్ముళ్ళు కాశీబుగ్గలో పెద్ద ఫ్లెక్సీ కడతామంటన్నారు. ఆయనకి ముందు తెలీకూడదు. మన షాపులో సేయిత్తే తెలిసిపోద్ది. అయినా నీ అంత తెల్లగా ఎవులు సేత్తారు? పాతవి మనసులో ఎట్టుకోకు."

"ఎందుకు పెట్టుకుంటాను అక్కా, ఇలా ఇవ్వండి" అన్నాను.

ఫోన్లోంచి ఫోటో పంపింది. తెల్లటి పొడుగు చేతుల చొక్కా, రెండు చేతులూ గుండెల దగ్గర జోడించి నమస్కారం. ఫ్లెక్సీ మీద ఎక్కే ప్రతి మనిషీ అలాగే దిగుతాడు. తెర మీద పెద్దది చేసి, ఎక్కడెక్కడ పని ఉందో చూస్తున్నాను. ఆమె కుర్చీ నా పక్కకి జరుపుకుని, వేలితో తెర మీద చూపించింది.

"ఇదిగో, ఇక్కడ సూడు. ఇది కనపడకుండా సేసీ అమ్మా."

చేతులు జోడించినప్పుడు కుడి చొక్కా కఫ్ కొంచెం కిందికి జారింది. అక్కడ మణికట్టు చుట్టూ గోధుమరంగు పట్టీ, నల్లటి స్ట్రాపుతో బిగించి ఉంది. అది నాకు తెలిసిన పట్టీ. టెక్కలి డాక్టరమ్మ నాకూ రాసిచ్చింది అలాంటిదే.

"ఇదేటి అక్కా?" అన్నాను, తెలిసి కూడా.

"సెయ్యి పట్టీ. ఇప్పటిదేటి, పదిహేనేళ్ళు అయినాది. షాపు పెట్టిన కొత్తలో అన్నీ ఆయనే కూకొని సేసీవోరు గదా. సెయ్యి పోనాది. తిమ్మిరెక్కిపోద్ది, గలాసు పట్టుకోనేరు. అందుకే గదా నిన్ను పనిలో ఎట్టుకున్నారు. షాపులో ఎవులికీ తెలీకూడదని ఎండాకాలంలో కూడా పొడుగు సేతుల సొక్కాలే. నువ్వూ ఎవులికీ సెప్పకు."

నా వేళ్ళు బంతి మీద ఆగిపోయాయి.

అప్పటిదాకా నాకు ఒక్క ఊరట ఉండేది. పాపం తెలియక అన్నాడులే, చేయించేవాడికి చేసేవాళ్ళ నొప్పి ఏం తెలుస్తుంది అనుకునేదాన్ని. ఇప్పుడు ఆ ఊరట పోయింది. నేను చెయ్యి లాగుతోంది అన్నప్పుడు అతను తెర వైపు చూస్తూ మాట్లాడింది ఎందుకో తెలిసింది. అతని చొక్కా కింద అదే నొప్పి ఉంది. నా మూడు వేళ్ళు ఎలా మొద్దుబారుతున్నాయో అతనికి వేలు వేలూ తెలుసు. తెలిసే సాకులు అన్నాడు. తెలిసే, పోయిన చెయ్యి పేరు చెప్పి నన్ను పెళ్ళివారి ముందు నిలబెట్టాడు. పదకొండేళ్ళు తన చెయ్యి బదులు నా చెయ్యి అరగదీశాడు. నాకు ఎంత కోపం వచ్చిందంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె చూసి, తన భర్త బాధకే అనుకుని నా భుజం మీద చెయ్యి వేసింది.

"తీసేస్తాను అక్కా, ఎవరికీ కనపడదు" అన్నాను.

ఆమె వెళ్ళాక పనిలో కూర్చున్నాను. ముందు మొహం. పదేళ్ళు తగ్గించాను. జుట్టు నల్లగా చేశాను, కళ్ళ కింద సంచులు తీసేశాను, పెళ్ళికొడుక్కి కూడా చెయ్యనంత తెల్లగా చేశాను. తర్వాత పట్టీ. ఎడమ మణికట్టు చర్మం తెచ్చి, తిప్పి, కుడి మణికట్టు మీద విడిగా ఒక పొరగా అతికించాను. కఫ్ నీడ గీశాను, నరం గీశాను, రెండు వెంట్రుకలు కూడా గీశాను. నా చేతులతో చేసిన పనుల్లో అంత శుభ్రమైన పని ఇంకోటి లేదు. ఆ బొమ్మ ఆమె ఫోన్‌కి పంపించాను. బాగుంది సెల్లీ అని వాయిస్ మెసేజ్ పెట్టింది, గొంతులో ఎంత సంతోషమో.

మేము పొరలు పొరలుగా పని చేస్తాం. ఒక్కో పొర పక్కన చిన్న కన్ను గుర్తు ఉంటుంది. దాని మీద నొక్కితే ఆ పొర మాయమై కిందిది పైకి కనిపిస్తుంది. ఫ్లెక్సీ అచ్చేసే ప్రెస్సుకి పంపే ఫైలులో, నేను అంత శ్రద్ధగా గీసిన చర్మం పక్కన ఉన్న ఆ కన్ను మీదికి బాణాన్ని దొర్లించాను. చెయ్యి కదల్లేదు, నొప్పి లేదు. ఒక్క క్లిక్కు. పట్టీ మళ్ళీ వచ్చింది. దాని అంచులు మసకగా ఉంటే కొంచెం పదును కూడా పెట్టాను. పంపేశాను.

కాశీబుగ్గలో ఫ్లెక్సీ కట్టిన రోజు పని పెట్టుకుని మరీ వెళ్ళాను. ఎదురుగా టీ కొట్టులో కూర్చున్నాను. రెండంతస్తుల ఎత్తున మా సారు, పాలలాంటి మొహం, కింద శుభాకాంక్షలు. నడిమధ్యలో, దారినపోయే ఎవరి కంటికైనా ముందు తగిలే చోట, మనిషి ఎత్తు పట్టీ. నల్ల స్ట్రాపు కుట్లతో సహా కనిపిస్తోంది.

"ప్రెసిడెంటుగారి సేతికేటైనాది?" అన్నాడు టీ పోసే అతను.

"ఎవులో ఇరగ్గొట్టుంటారు" అన్నాడు టీ తాగుతున్న ఒకతను.

"కాదు, పచ్చవాతం అంట. సెయ్యి పోనాదంట పాపం."

ఆ మాట నేను నేర్పలేదు, వాళ్ళకి వాళ్ళే అన్నారు. టీ ఇంకోటి చెప్పాను. ఇంతలో సంఘంవాళ్ళు నలుగురు దండలు పట్టుకుని వచ్చారు. అందరూ మా పనివాళ్ళే, అదేం పట్టీయో వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. అందులో ఒక డిజైనర్ పైకి చూస్తూ నిలబడిపోయాడు. తన మణికట్టు రెండో చేత్తో పట్టుకుని, "ఈయనకీ ఉందేట్రా? మరి మనం సెలవడిగితే సాకులంటాడేటి?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అప్పుడే మా సారు స్కూటర్ దిగాడు. పైకి చూశాడు. దండ వేయించుకోవడానికి తల వంచినప్పుడు కుడిచెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. ఒకరు కరచాలనానికి చెయ్యి చాపారు. అతను ఎడంచెయ్యి ఇచ్చాడు. నేను టీ తాగి బస్సెక్కాను. ఆ రోజు భోజనం రుచిగా ఉంది.

సాయంత్రం అతని భార్య ఫోన్ చేసింది. "మర్సిపోనావా సెల్లీ? నాకు పంపిన దాన్లో లేదు గదా?" అంది. ఏడుస్తోంది. ఫైలు మారిపోయింది అక్కా అన్నాను. ఆమె నమ్మింది. ఇందులో నాకు బాధ కలిగించే సంగతి అదొక్కటే, ఆమె నమ్మడం.

నాలుగో రోజు అతను ఫోన్ చేశాడు. నేను మాటలన్నీ సిద్ధం చేసుకునే ఉన్నాను. తిడతాడనుకున్నాను.

"నువ్వే సేసినావా?"

"నానే సార్."

"తెలిసే ఉంచినావా?"

"తెలిసే ఉంచినాను."

అటు ప్రింటర్ చప్పుడు వినిపిస్తోంది.

"డిజైనర్లు ఎవులూ నిలబడతా నేరు. నానే కూకోవాలొత్తంది. నువ్వు ఎల్లిపోయిన ఏడాదే ఆ గోళీ నానూ ఒకటి తెప్పించినాను. ఎవులికీ సెప్పనేదు. ఇంట్లో కూడా తెలీదు. ఎంత సేసినా నాకు రాటం నేదు. ఇప్పుడు బొటనేలు కూడా పోతంది. ఎలగ పట్టుకోవాలో ఓపాలి సెప్పమ్మా."

బొటనవేలు అనగానే నాకు అర్థమైంది. అతను కొన్నది వేరే రకం. పక్కన బంతి ఉండి బొటనవేలితో తిప్పేది ఒకటి ఉంటుంది. బొటనవేలి మొదట్లో నొప్పి ఉన్నవాళ్ళు దాన్ని ముట్టుకోకూడదు. అది పక్కన పడేసి నడుమ బంతి ఉన్నది తెచ్చుకోండి, రెండు వేళ్ళతో తిప్పండి అని చెప్తే చాలు. నాలుగు మాటలు. ఊపిరి తీసుకున్నంత సేపు పట్టదు. చెప్పమ్మా అని మళ్ళీ అన్నాడు. ఆ గొంతు తెల్లవారుజామున చెయ్యి లేవని మనిషి గొంతు, అది నాకు తెలుసు.

తెలిసే, ఏమీ చెప్పకుండా ఫోన్ పెట్టేశాను.